కిటికీ పక్క సీటు

"ఆడపిల్ల నడిపితే నేను రాను. ఆ కొండదారిలో నా ప్రాణానికి పూచీ ఎవరు?" అంటూ చంకలో గొడుగున్న ఒకాయన ఎక్కిన బస్సు దిగిపోయాడు. ఆయన వెనకే ఇంకో నలుగురు దిగారు.

డ్రైవరు సీట్లో ఉన్న అమ్మాయికి చెవుల దాకా వేడెక్కింది. ఏడాదిగా ఊళ్ళో బస్సు నడుపుతోంది. కొండ మీదికి జనంతో వెళ్ళడం ఇదే మొదలు. ఖాళీ బండిని పదిసార్లు ఎక్కించి దించి, పరీక్ష నెగ్గే వచ్చింది. ఆ మాట చెప్తే మాత్రం వినేదెవరు?

"ఎక్కండి బాబూ, టైమైపోతోంది!" కండక్టరు గొంతు చించుకుంటున్నాడు. ఒక్కరూ కదల్లేదు.

అప్పుడే టీ కొట్టు దగ్గర్నుంచి పెద్దడ్రైవరు వచ్చాడు. మొన్నమొన్నటి దాకా ఈ దారి ఆయనదే. ఇరవై ఏడేళ్ళు నడిపి, ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉండగానే తనంతట తానే మానుకుని మూడు వారాలైంది. అయినా పొద్దున్నే బస్టాండుకి వచ్చి, ఆగివున్న బళ్ళ టైర్లు కాలితో తట్టి చూసి పోతుంటాడు.

"ఇంటిపట్టున ఉండరేం బాబాయ్?" అని నిన్న ఆమె అడిగితే నవ్వేశాడు.

"ఇంట్లోవాళ్ళ మొహాలు పగటి వెలుతురులో చూద్దామనే మానేశాను తల్లీ. చూశాను, బాగానే ఉన్నాయి. రోజంతా నా మొహం చూళ్ళేక వాళ్ళే నన్ను బయటికి తరుముతున్నారు."

ఇప్పుడాయన్ని చూడగానే గొడుగాయనకి ప్రాణం లేచొచ్చింది.

"సమయానికొచ్చారు పెద్దడ్రైవరూ! ఈ ఒక్క ట్రిప్పూ మీరు నడపండి. మారు మాట్లాడకుండా ఎక్కుతాం."

"అవునండీ, మీరైతే ఎక్కుతాం," అన్నారు దిగినవాళ్ళు.

పెద్దడ్రైవరు చూపు వెళ్ళి స్టీరింగు మీద వాలింది. కుడిచేతి వేళ్ళు వాటంతటవే గుండ్రంగా ముడుచుకున్నాయి. ఇన్నేళ్ళూ అన్నం పెట్టిన చక్రం మరి! ఆమె అది గమనించింది. ఆయన ఊఁ అన్నాడంటే, రేపట్నించి తను ఏ బండి ఎక్కినా ఇదే తంతు.

ఆయన చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.

"నేనెందుకు నడపాలండీ? నేనిప్పుడు ప్యాసింజర్ని." చకచకా మెట్లెక్కి, ఎడమ వరసలో అందరికన్నా ముందు సీట్లో, కిటికీ పక్కన కూర్చున్నాడు. "కండక్టరూ, చివరి స్టాపుకి ఒక టికెట్టు."

"పైన మీకేం పనన్నా?"

"పనిలేకపోవడమే ఇప్పుడు నా పని. కొట్టు టికెట్టు."

గొడుగాయన బుర్ర గోక్కున్నాడు. ఆయనే ఎక్కాక తనకేం అనుకున్నాడో ఏమో, తనూ ఎక్కాడు. మిగతా నలుగురూ ఎక్కారు.

బస్సు కొండ ఎక్కడం మొదలుపెట్టింది. మొదటి మలుపు దాటాక ఆమె అద్దంలోంచి చూసింది. పెద్దడ్రైవరు తల వెనక్కి వాల్చి, రెండు చేతులూ పొట్ట మీద కట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆమె గుండె నిండిపోయింది. కొత్త చేతికి ప్రాణం అప్పగించి అంత నిశ్చింతగా నిద్రపోవాలంటే మనిషికి ఎంత గుండె ఉండాలి!

తొమ్మిదో మలుపులో దుంగల లారీ ఎదురైంది. పైనుంచి బరువుతో దిగుతోంది. బ్రేకులు కాలుతున్న వాసన ముందే ఆమె ముక్కుకు తగిలింది. ఎక్కే బండికే దారివ్వాలన్నది కొండ మీద నియమం. కానీ ఆ లారీని ఆపమంటే ఆగేలా లేదు. ఆమె క్షణం ఆలస్యం చెయ్యకుండా బస్సు ఆపి, వెనక్కి తీయడం మొదలుపెట్టింది. కండక్టరు కిందికి దూకి వెనక నిలబడి విజిల్ వేస్తున్నాడు. ఎడమ చక్రాల పక్కన జానెడు మట్టి, ఆ తర్వాత లోయ.

"అయ్యయ్యో! చంపేస్తుందిరా బాబూ!" వెనక ఎవరో కేక పెట్టారు.

"నోర్ముయ్యండయ్యా!" ఈసారి అరిచింది గొడుగాయన. "పెద్దడ్రైవరే చీమకుట్టినట్టయినా లేకుండా నిద్రపోతుంటే మీకెందుకు గోల?"

బస్సంతా సద్దుమణిగింది. ఆమె ఊపిరి బిగబట్టి, అంగుళం అంగుళం వెనక్కి తీసి, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట బస్సును ఎడమ అంచుకి అతికించినట్టు ఆపింది. లారీ పొగలు కక్కుతూ పక్కనించి జారిపోయింది. దాని డ్రైవరు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టబోయి, మళ్ళీ భయపడి స్టీరింగు పట్టుకున్నాడు.

కొండపైన చివరి స్టాపులో అందరూ దిగుతుంటే, గొడుగాయన ఆమె కిటికీ దగ్గర ఆగాడు.

"సాయంత్రం దిగే బస్సు కూడా నువ్వేనా అమ్మా?"

"నేనేనండీ."

"అయితే నాకు ముందువైపు సీటు ఉంచు," అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

అందరూ దిగిపోయాక, పెద్దడ్రైవరు కడ్డీ పట్టుకుని మెల్లగా లేచాడు.

"తొమ్మిదో మలుపులో వెనక్కి తీశావు చూడూ, బండి ఒక్కసారైనా ఉలిక్కిపడలేదు. నేనైతే హారన్ కొట్టి లారీవాడితో పోట్లాటకి దిగేవాణ్ణి. ఇక ఈ దారి నీదే తల్లీ."

ఆమెకు కళ్ళు చెమర్చాయి. "అంతా మీ చలవే బాబాయ్. మీరంత హాయిగా పడుకోబట్టే జనం నోరెత్తలేదు, నా చెయ్యీ వణకలేదు. అయినా అంత నిద్రలో బండి సంగతి మీకెలా తెలిసింది?"

ఆయన అటూ ఇటూ చూశాడు. బస్సులో ఇంకెవరూ లేరని రూఢి చేసుకుని, మొహాన పట్టిన చెమట భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"నిద్రా నా బొందా! ఇరవై ఏడేళ్ళూ రోడ్డు వంకే చూశాను తప్ప ఈ పక్క సీట్లో ఒక్కనాడైనా కూర్చున్న పాపాన పోలేదు. మొదటి మలుపులో కిటికీలోంచి కిందికి చూసి కళ్ళు మూసుకున్నవాణ్ణి, నువ్విక్కడ బండి ఆపేదాకా మళ్ళీ తెరిస్తే ఒట్టు!"