చెరి సగం

"నీ సగం ముందు కొట్టు."

"మీరు ఇంజనీరింగ్‌కి ఒప్పుకుంటేనే కొడతాను."

భోజనాల బల్ల మీద లాప్‌టాప్ కాలేజీల సైటు పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంది. కాలేజీ ఎంచుకునే గడువు ఆ సాయంత్రంతో సరి. ఇంజనీరింగ్ కాలేజీనా, ఫిజిక్స్ కాలేజీనా, ఏదో ఒకటి నొక్కితే పని అయిపోతుంది. నొక్కాలంటే ముందు లోపలికి వెళ్లాలి. వెళ్లాలంటే మొగుడూ పెళ్లాం ఇద్దరూ కలవాలి. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక పాస్‌వర్డ్‌ని చెరి సగం పెట్టుకున్నారు. మొదటి సగం ఆవిడది, రెండో సగం ఆయనది. ఒకరు కొడుతుంటే రెండోవారు గోడవైపు తిరిగి నిలబడాలి. ఇంత బందోబస్తు బ్యాంకు లాకరుకి కూడా ఉండదు.

ఆయన పంపుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆవిడ హైస్కూల్లో ఫిజిక్స్ టీచరు. కూతురు ఫిజిక్స్ చదవాలని ఆయన పట్టు, ఇంజనీరింగ్ చదవాలని ఆవిడ పట్టు. తిరగేసి చెప్పడం లేదు, సరిగ్గానే చెబుతున్నాను.

"నా బతుకు చూశాక కూడా ఇంజనీరింగంటావేంటే?" అన్నాడాయన. "పొద్దున వాల్వులు రాలేదని ఫోన్లో నేను అరవాలి. సాయంత్రం పంపు కారుతోందని వాడెవడో నా మీద అరుస్తాడు. మధ్యలో చదివిన చదువుతో పనేముంది? ఫిజిక్స్ అయితే హాయిగా కూర్చుని ఆలోచించుకుంటుంది."

"ఎక్కడ కూర్చుని? వెనక బెంచీ వాళ్లు కాగితం రాకెట్లు విసురుతుంటే వాటి కిందా?" అంది ఆవిడ. "ఏటా అదే కప్పీ, అదే తాడు, అదే లెక్క. అరిచి అరిచి గొంతు పోయింది నాకు. నా కూతురికీ ఆ ఖర్మ వద్దు."

గుమ్మంలో నిలబడ్డ కూతురు ఇక ఉండబట్టలేక నోరు తెరిచింది. "అమ్మా, నేనొక మాట..."

"పిచ్చుకా, నువ్వు లోపలికెళ్లు. పెద్దవాళ్లం మాట్లాడుకుంటున్నాం."

"నా చదువు గురించే కదా నాన్నా!"

"అందుకే చెబుతున్నా, వెళ్లు."

"వెళ్లమ్మా పిచ్చుకా," అంది తల్లి కూడా.

పిచ్చుకకు ఒళ్లు మండిపోయింది. వారం రోజులుగా ఇదే వరస. దోశ ఒకటా రెండా అని అడిగేవాళ్లున్నారు గానీ, నీకేం చదవాలనుందే అని అడిగిన పాపాన పోలేదు ఒక్కరూ. గదిలోకి వెళ్లి ధడాలున తలుపేసుకుంది.

ఇవతల గొడవ ఆగలేదు. మీ వంశంలో మొండితనమంటే మీ వంశంలో మొండితనమనుకున్నారు. చివరికి గడియారం చూస్తే గడువుకి ఇంకో పది నిమిషాలే ఉంది.

"ముందు తెరుద్దాం. తర్వాత కొట్టుకుందాం," అన్నాడాయన. ఆవిడ తన సగం కొట్టింది, ఆయన గోడవైపు తిరిగాడు. ఆయన తన సగం కొట్టాడు, ఆవిడ గోడవైపు తిరిగింది.

తెర మీద ఒకే ఒక్క వాక్యం ఉంది. 'మీ ఎంపిక ఫిజిక్స్. ఖరారైనది, ఇక మార్చడానికి వీలు లేదు.'

"దొంగతనంగా పెట్టేశారా?" ఆవిడ మీదికొచ్చింది. "నా సగం ఎప్పుడు చూశారు?"

"ఒట్టు, నేను కాదే!"

"నేను పెట్టాను," అంది పిచ్చుక, తలుపు తీసి. "ఇప్పుడే, ఫోన్లో."

ఆయన మొహం వెలిగిపోయింది. "అదీ! నా మాట వింది నా తల్లి!"

"నీ మాట విని కాదు నాన్నా. చిన్నప్పుడు కరెంటు పోతే అమ్మ గ్లాసు నీళ్లలో చెంచా పెట్టి, టార్చి వేసి, ఎందుకు వంగినట్టుందో చెప్పమంది. నేను చెప్పేదాకా వదల్లేదు. ఆ పిచ్చి నాకు ఇంకా దిగలేదు."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "అది సరే," అంది. "నా సగం మీ నాన్నకే తెలీదు. నీకెలా తెలిసిందే?"

"నాది మీ అమ్మకే తెలీదు," అన్నాడాయన.

"మీ ఇద్దరికీ పొత్తు కుదిరేది ఒక్క దగ్గరే కదా!" అంది కూతురు. "పిచ్చుక, పిచ్చుక అని రెండుసార్లు కొట్టాను. తెరుచుకుంది."