ఏమీ జరగని వైవా

పొద్దున టేకు నాటి, సాయంత్రానికి ఆ చెక్కతో తలుపులు బిగించుకునే రోజులివి. ఇలాంటి రోజుల్లో అటవీశాస్త్రం పీజీలో మా మౌక్తిక నెమ్మదిగా పెరిగే ఇప్పచెట్టును తయారుచేస్తానని పరిశోధన పెట్టుకుంది. ఏడాదికొకటి చొప్పున చెట్టులో ఏర్పడే వలయాల గురించి మొదటి సెమిస్టర్‌లో చదివామే గానీ, మాలో ఒక్కరమూ చూసింది లేదు. "నేను చూపిస్తాగా!" అంది. మొదటి రెండు మొక్కలూ మేం క్లాసుకెళ్ళి వచ్చేలోగా ల్యాబు కప్పు పగలగొట్టుకుని పైకి పోయాయి. ఇది మూడోది.

వైవా రోజు చేతికర్ర పోటేసుకుంటూ వచ్చిన ఎగ్జామినర్ విరూపాక్షరావుగారు మొక్కకు స్కేలు ఆనించారు.

"సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాను. బెత్తెడు పెరిగినా డిగ్రీ లేదమ్మా."

అందరం ఊపిరి బిగబట్టాం. ఎవరో తుమ్మితే చంపేసేలా చూశాం. "పెరగకే తల్లీ, నీకు పుణ్యముంటుంది," అని మౌక్తిక కుండీని బతిమాలుతోంది.

అయిదింటికి ఆయన మళ్ళీ కొలిచారు.

"ఏమీ జరగలేదు."

"ఏమీ జరగలేదు!" హాలంతా ఈలలు! మెస్సు వంటావిడ గరిటెతో పళ్ళెం వాయించింది. మౌక్తికను భుజాలకెత్తుకుని గిరగిరా తిప్పేశాం.

ఆ గోలలోనే ఆయన అడిగారు. "పూత ఎప్పుడమ్మా?"

"పదేళ్ళు పడుతుంది సార్!" పైనుంచే అరిచింది మౌక్తిక.

ఆయన వెంటనే ఇంటికి ఫోన్ చేశారు. "కామాక్షీ, ఆ మోకాళ్ళ ఆపరేషన్‌కి సరేనని డాక్టరుతో చెప్పు. పదేళ్ళు పోయాక నేను వంగి ఇప్పపూలు ఏరుకోవాలి."