కాలవ అవతలి లైను

రొయ్యల చెరువుల గట్ల మీద ఇప్పుడు మనుషులుండరు. నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్లన్నీ భీమవరంలో రంగరాజుగారి చిన్న ఆఫీసు నుంచే నెట్ మీద తిరుగుతాయి. గంటసేపు ఆగితే రొయ్యలు చచ్చిపోతాయి.

అందుకే రెండో నెట్ లైను వేయించినప్పుడు, ఆఫీసు చూసుకునే వైదేహి పట్టుబట్టి దాన్ని కాలవ అవతలి నుంచి లాగించింది.

"రెండూ ఒకే స్తంభం మీదొస్తే రెండోది దేనికండీ?"

"నీ చాదస్తం నీదేలే," అన్నారాయన.

ఈరోజు లారీ గుద్ది వీధిలో నెట్ లైన్ల స్తంభం కూలింది. తాళాలు కూడా నెట్ మీదే పనిచేసేవి కావడంతో పక్క ఆఫీసుల తలుపులు తెరుచుకోవడం లేదు. రంగరాజుగారు పరుగున వచ్చేసరికి తన ఆఫీసు తలుపు మామూలుగానే తెరుచుకుంది. లోపల, వైదేహి ముందున్న తెర మీద ఏరేటర్లు నురగలు లేపుతూ తిరుగుతున్నాయి.

ఆయన బయటికెళ్లి నిలబడ్డారు.

"మీకు నెట్టెలా వస్తోందండీ?" పక్కాఫీసాయన కిటికీలోంచి అడిగాడు.

రంగరాజుగారు మీసం సవరించుకున్నారు.

"మా వైదేహి చాదస్తమండి."