దిగిన రంగు

"గోకకు నాయనా."

సెలూన్ మాస్టర్ చెయ్యి తల దాకా వెళ్లి ఆగిపోయింది.

ఎదురు బెంచీ మీద టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు.

"దురద పెడుతోందండీ," అన్నాడు మాస్టర్.

"పెడుతుంది. ఆరో రోజు కదా. పొక్కు తనంతట తనే రాలాలి. నువ్వు రాల్చావంటే దాంతోపాటు చుక్కా పోతుంది."

పల్చబడిన జుట్టు మధ్య సన్నటి సూదితో రంగు చుక్కలు పెట్టే చోటు అది. దూరం నుంచి చూస్తే తల నిండా జుట్టుండి, అప్పుడే గీయించుకున్నట్టు కనిపిస్తుంది. మాస్టర్‌కు ఒకసారి చుక్కలు పెట్టారు. రెండోసారికి ఇంకా నాలుగు రోజులుంది. ఆగలేక పరుగెత్తుకొచ్చాడు.

తన సెలూన్‌లో కుర్చీ ఎక్కినవాళ్లకు అద్దంలో ముందు కనిపించేది మాస్టర్ తలే. "ముందు నీ సంగతి చూసుకో మాస్టరూ" అని నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లలో సగం మంది ఎదురు సందులోని కొత్త షాపుకు మారిపోయారు. ఇద్దరు పనివాళ్లలో ఒకడు కూడా అటే వెళ్లాడు. ఈ చుక్కలు నిలబడకపోతే షాపు మూసేయడమే అనుకుంటున్నాడు.

"రంగు దిగిపోయిందండీ. నిన్నటికి ఇవాళ్టికి సగం లేదు."

"దిగిపోలేదు. దిగింది."

"రెండూ ఒకటే కదండీ?"

"ఒకటెలా అవుతుంది? దిగిపోతే దిండు గుడ్డకు అంటుకుంటుంది. దిగితే చర్మంలో కూర్చుంటుంది, ముల్లు దిగినట్టు. పైన కొత్త చర్మం కప్పుతోంది, అందుకే పల్చగా ఉంది. నెల ఆగి చూడు."

పెద్దాయన ముందుకు వంగి వాసన చూశారు.

"తలకేం రాశావు?"

మాస్టర్ తల వెనక్కి లాక్కున్నాడు.

"లోషనండీ. గడ్డం గీశాక రాస్తామే, అది. ఇరవై ఏళ్ల అలవాటు. మొన్న అద్దంలో తల చూసుకుంటుంటే చెయ్యి ఊరుకోలేదు."

"మండిందా?"

"పట్టపగలే చుక్కలు కనిపించాయండీ."

"తల మీద ఉండాల్సినవి కళ్ల ముందుకొచ్చాయన్నమాట."

ఇద్దరూ నవ్వారు. లోపలి గది తలుపు తీసుకుని మేడమ్ బయటికి వచ్చింది. చుక్కలు పెట్టేది ఆవిడే.

మాస్టర్ గబుక్కున లేచాడు.

"మేడమ్, ఈసారి బాగా నల్లగా పెట్టండి. బాగా లోతుగా పొడవండి. పదేళ్లయినా కదలకూడదు."

మేడమ్ ఏదో చెప్పబోయింది. ఈలోగా పెద్దాయన టోపీ తీశారు.

తల నిండా నీలం మచ్చలు. చుక్కలు ఒకదానిలోకి ఒకటి పాకి, సిరా ఒలికినట్టున్నాయి.

"లోతుగా పొడిస్తే ఇలా అవుతుంది," అన్నారు.

"ఎక్కడ చేయించుకున్నారు?"

"ఇక్కడే."

పక్కన తన వంతు కోసం కూర్చున్న కొత్త మనిషి ఒకడు సంచీ తీసుకుని చప్పుడు చేయకుండా బయటికి నడిచాడు.

మాస్టర్‌కు ముందు భయం వేసింది. తర్వాత కోపం వచ్చింది.

"మేడమ్, ఒక్క తల షాపునెలా ముంచుతుందో నాకు తెలుసు. ఇలాంటి తలను గుమ్మంలో కూర్చోబెట్టుకుంటారా? నాకు నలుపూ వద్దు, లోతూ వద్దు. మొదట పెట్టినట్టే పెట్టండి. కానీ ఈయన ఇక్కడ కూర్చుంటే మాత్రం నేను రాను."

మేడమ్ పెద్దాయన వైపు చూసింది.

"నేనే వెళ్తాన్లెండి మేడమ్," అంటూ ఆయన టోపీ పెట్టుకున్నారు. తలుపు దగ్గర ఆగి మాస్టర్ వైపు తిరిగారు.

"మళ్లీ చుక్కలు పెట్టాక నాలుగు రోజులు తల తడపకు. చెమట పట్టనివ్వకు. ఎండలో తిరగకు. ఆ లోషన్ సీసా నీ చేతికి అందకుండా పెట్టించు."

రెండోసారి చుక్కలు పెట్టించుకోవడానికి మాస్టర్ వెళ్లేసరికి బెంచీ ఖాళీగా ఉంది. పీడ వదిలిందనుకున్నాడు.

ఇంటికెళ్లి మాత్రం ఆయన చెప్పినట్టే చేశాడు. లోషన్ సీసా పనివాడికిచ్చి, "నేనడిగినా ఇవ్వకు," అన్నాడు. దిండు మీద ఉతికిన మెత్తటి గుడ్డ పరుచుకున్నాడు. దురద పెడితే పిడికిలి బిగించుకుని కూర్చున్నాడు. చుక్కలు మళ్లీ పల్చబడినప్పుడు, "దిగిపోలేదు, దిగింది" అని తనకు తనే చెప్పుకున్నాడు.

నెల తిరిగాక, అన్నాళ్లూ షాపులో పెట్టుకున్న టోపీ తీసేసి షాపు తెరిచాడు.

మొదట కుర్చీ ఎక్కినవాడు అద్దంలోకి చూసి, "మాస్టరూ, నీకెవరు గీశారు? నాకూ అలాగే కొట్టు," అన్నాడు.

పాత ముఖాలు ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలైంది.

మాస్టర్ తల చూపించడానికి మేడమ్ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ దీపం దగ్గరికి లాగి, నాలుగు వైపులా చూసి, బాగా మానిందని చెప్పింది.

"ఆ పెద్దాయన రాలేదా మేడమ్? ఆయనకూ చూపిద్దామనుకున్నా."

"ఆ రోజు నుంచి రావడం లేదండీ. జుట్టు పెంచుకుంటున్నారు."

"జుట్టా! ఆయనకెక్కడిదండీ?"

"దువ్వెన ఆడనంత ఒత్తు. ఇన్నాళ్లూ వారం వారం గీయించుకుని వచ్చి కూర్చునేవారు, లోతుగా పొడవమని పట్టుబట్టేవాళ్లకు చూపించడానికి."

మాస్టర్‌కు అర్థం కాలేదు.

"అంత జుట్టున్న మనిషికి చుక్కలెందుకు?"

మేడమ్ చేతి తొడుగులు తీసి బుట్టలో వేసింది.

"సూది ఎంత లోతుకు దించాలో నాకింకా తెలియని రోజుల్లో ఎవరూ తల ఇవ్వలేదండీ, మా మామగారే నున్నగా గీయించుకొచ్చి నా ముందు కూర్చున్నారు."