ఒక్క మంచి మాట

"వేరే ఇల్లు చూసుకున్నానక్కా. ఆ ఇంటాయన మీకు ఫోన్ చేస్తాడు. ఒక్క మంచి మాట చెప్పారంటే రేపే ఖాళీ చేసేస్తా," అన్నాడు పైవాటా ఫొటోగ్రాఫరు, మెట్ల మీద దారికడ్డంగా కూర్చుని.

"మరి మూణ్ణెల్ల అద్దె?"

"ఉంటే ఇవ్వనా అక్కా? మీరు చెప్పనంటే ఇక్కడే పడుంటా. నన్ను మాత్రం ఎవరు రానిస్తారు?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది ఇంటావిడకు. ఉంచితే అద్దె రాదు, ఇల్లు కట్టిన అప్పు ఆగదు. పంపాలంటే అబద్ధం చెప్పాలి. అద్దెకివ్వడం కొత్త కదా అని, ఇతను చేరకముందే ఇతని పాత ఇంటి ఓనరుకి ఫోన్ చేసి మరీ వాకబు చేసింది. ఆయన కాసేపు ఉలకలేదు, పలకలేదు. సిగ్నల్ పోయిందనుకుంది. తర్వాత, "బంగారంలాంటి మనిషమ్మా" అన్నాడు.

చేతిలో ఫోన్ మోగింది.

"నమస్తే అమ్మా. మేం అద్దెకివ్వడం ఇదే మొదలు. అతనెలాంటివాడో, నన్ను మీ తమ్ముడనుకుని చెప్పండి."

ఫొటోగ్రాఫరు చేతులు జోడించాడు.

"హలో? సిగ్నల్ పోయినట్టుందే... వినబడుతోందా అమ్మా?"

"వినబడుతోంది తమ్ముడూ," అంది. "బంగారంలాంటి మనిషి."