పన్నెండో చీటీ

ఆవిడ వంటకి మొగుడు వంద వంకలు పెడతాడు గానీ, ఆవిడ చేతిరాతకి మాత్రం దాసుడు. నాలుగు రకాలుగా రాయగలదు మరి! ఆయన కౌన్సిలర్‌గారి సహాయకుడు. ముఖాముఖి సభల్లో విద్యార్థులూ జనమూ అడగాల్సిన ప్రశ్నలన్నీ ముందుగా ఆయనింట్లోనే పుడతాయి. వాటిని చీటీల మీద రకరకాల రాతలతో ఆవిడ ఎక్కిస్తుంది.

ఈసారి పదకొండు రాయమంటే పన్నెండు రాసింది.

కాలేజీ హాల్లో కౌన్సిలర్ పెట్టెలోంచి చీటీ తీసి నవ్వుతూ చదవసాగాడు.

"కాలేజీ ముందు పాదచారుల వంతెనకి మూడేళ్ల కిందట శంకుస్థాపన రాయి వేశారు. రెండో రాయి ఎప్పుడు వేస్తారు? ఈలోగా రోడ్డు దాటబోయి మా అమ్మాయి కాలు విరిగింది."

నవ్వు ఆగిపోయింది. "ఎవరు రాశారిది? లేవండి!"

పక్కనే నిలబడ్డ మొగుడికి అర్థమైపోయింది. లేవొద్దని కళ్లతోనే బతిమాలాడు.

కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చున్న కూతురి పక్కనుంచి ఆవిడ లేచింది. "నేనేనండీ."

"ఏ పార్టీవాళ్లు పంపారమ్మా?"

"పార్టీ ఏమీ లేదండీ. మీ పక్కనున్నాయన భార్యని."

హాలు గొల్లుమంది. కౌన్సిలర్ ముఖం కందగడ్డయింది. మైకు తీసి మొగుడి చేతిలో కుక్కాడు. "రేపు నీకు ఉద్యోగం ఉండాలంటే, తప్పయిందని అందరికీ చెప్పు!"

ఆయన కూతురి కట్టు వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"తప్పయిందండీ. ఆవిడది కాదు, నాది. ఇదే ప్రశ్న మా అమ్మాయి రాసిస్తే నేనే చింపేశాను. పెట్టెలో మిగతా పదకొండూ నేను రాయించినవే. వాటిని ఎవరూ అడగలేదు."