నున్నబడిన రోలు

"నా పెళ్లాం రోలు మీద ఉలి పడిందంటే ఊరుకోను!" అంటూ సౌకార్‌పేట ఇంటి గుమ్మంలో గోపాలయ్య అడ్డం నిలబడ్డాడు. కోడలు పిలిపించిన రోళ్లకు గాట్లు కొట్టేవాడు బయటే ఆగిపోయాడు.

కోడలు కస్తూరి చేతిలో ఇంగ్లీషు పుస్తకంతో వచ్చింది. "ఇందాకే చదివినా మామా. రఫెన్ అంటే గరుకు చేయడం. వాక్యం కూడా రాసుకున్నా, ఈ రోలును రఫెన్ చేయాలని. పిండి మెదగడం లేదు. మీరేమో గ్రైండరూ కొననీరు."

"నీ ఇంగ్లీషు ఆడ పెట్టు. మీ అత్త ఏళ్ల తరబడి రుబ్బితే వచ్చిన నునుపది. ఆమె పోయినాక ఆమె చేతి గుర్తు అదొక్కటే ఉండాది."

"అత్తమ్మ ఏటేటా గాట్లు కొట్టించేది, మీరు అంగడికి పోయిన పూట చూసి. మీరు అంగడి మానేసి ఇంటిపట్టున ఉన్నప్పట్నించే ఆపేసింది, ఆ చప్పుడుకి మీరు అరుస్తారని. ఆఖరిదాకా నున్నటి రోల్లోనే భుజాలు, రెట్టలు పడిపోయేలా రుబ్బింది."

గోపాలయ్య గుమ్మంలోంచి పక్కకు తప్పుకున్నాడు. గాట్లు కొట్టేవాడికి దారి ఇచ్చి, రోలు పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు.

"గట్టిగా కొట్టప్పా," అన్నాడు.

మొదటి దెబ్బ చెవుల్లో ఖంగుమంది. వాటిని మూసుకోవడానికి లేచిన చేతుల్ని ఒళ్లోకి దించుకుని, అట్లే కూర్చున్నాడు.